ఫోన్ సర్వర్ పడిపోతే రెండోది ఎట్లా అందుకోవాల?

ప్రశ్న: అన్నా, మావి తిరుపతిలో రెండు లాడ్జీలు. ఒకటి రైల్వే స్టేషన్ దగ్గర, ఇంకోటి అలిపిరి దోవలో. రెండిట్లో ఉండే ఐపీ ఫోన్లన్నిటికీ (నెట్‌వర్కు మీద నడిచేవి) స్టేషన్ దగ్గర ఒకే ఆస్టరిస్క్ (ఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్) సర్వర్. బయటి కాల్స్ వచ్చే పీఆర్ఐ లైన్ (ఒకే లైన్లో 30 కాల్స్ పోయేది) కూడా అందులోని కార్డుకే పెట్టినారు. బ్రహ్మోత్సవాల లోపల ఇంకో సర్వర్ పెట్టమంటావుండాడు ఓనరు. కొని పక్కన పెడితే చాలునా?

జవాబు: చాలదు తమ్ముడూ. ముందు పీఆర్ఐ సంగతి చూడు. కార్డు లోపలుంటే సర్వర్‌తో పాటే 30 ఛానెళ్లూ పోతాయి. రెండోది బతికున్నా లోపలి ఫోన్లకే పనికొస్తుంది. విడిగా పీఆర్ఐ గేట్‌వే డబ్బా తీసుకో, ఆ లైన్ కాల్స్‌ని నెట్‌వర్కు మీద సర్వర్‌కి అందించేది. మొదటి సర్వర్ పలక్కపోతే కాల్‌ని రెండోదానికి పంపేట్టు అందులో సెట్ చేసుకోవచ్చు. డబ్బులు ఒకదానికే ఉంటే నేనైతే గేట్‌వేనే ముందు కొంటా.

ఇంక ఫోన్లు. రూముకి రింగ్ పోవాలంటే ఆ ఫోన్ యాడ రిజిస్టరై ఉందో సర్వర్‌కి తెలియాల. ఫోన్ ఆ సంగతి సర్వర్‌కి మళ్లీ చెప్పుకునే గడువు చాలా ఫోన్లలో 3600 సెకన్లే వదిలేసి ఉంటారు. సర్వర్ మారినాక రూము నుంచి కాల్ పోతుంది, రిసెప్షన్ నుంచి రూముకి మాత్రం గంటసేపైనా మోగకపోవచ్చు. 120కి దించు.

ప్రశ్న: ఒక సర్వర్ పోతే దాని ఐపీ అడ్రసుని ఇంకోదానికిచ్చే కీప్‌అలైవ్‌డీ సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఐపీ రెండిటికీ తిప్పితే?

జవాబు: రెండూ ఒకే నెట్‌వర్కులో ఉంటే బాగుంటుంది, ఫోన్లలో ఏమీ మార్చే పని లేదు. రెండోదాన్ని అలిపిరిలో పెడితే కుదరదు. అప్పుడు ఫోన్‌లోనే రెండో సర్వర్ అడ్రసు ఇయ్యాల. మాట్లాడుతుండే కాల్ ఎట్లయినా తెగుతుంది, మళ్లీ చేసుకోవాల్సిందే. అది కూడా తెగకూడదంటే అయ్యే ఖర్చు లాడ్జీకి దండగ.

ఇంకొకరి జవాబు: సార్, రెండు సర్వర్లూ ఒకే యూపీఎస్ మీద పెట్టేరు, జాగ్రత్త. నెట్‌వర్కు కేబుల్లోనే ఫోన్లకి కరెంటిచ్చే పీఓఈ స్విచ్‌ని ఎవరూ తలుచుకోరు, దానికి కరెంటు పోతే రెండు సర్వర్లున్నా ఫోన్లు చీకటే. రెండు లాడ్జీల మధ్య లింకు గురించి దిగులొద్దు. జీ.711లో (గొంతుని డేటాగా మార్చే పద్ధతి) కాల్‌కి ఒక్కో వైపు సెకనుకి సుమారు 87 కిలోబిట్లు, ఇరవై కాల్స్ ఒకేసారి నడిచినా రెండు మెగాబిట్లు దాటదు. టెస్ట్ చేసేటప్పుడు షట్‌డౌన్ కొట్టొద్దు, పద్ధతిగా ఆగిపోతే అసలు లోపం బయటపడదు. కేబుల్ పీకండి. సర్వర్ల మధ్య లింకు కూడా ఒకసారి తెంపి చూడండి. రెండూ నేనే మెయిన్ అనుకుంటే గోల ఎక్కువ.

ప్రశ్న: సరే అన్నా. గేట్‌వే ఒక్క పోర్టుది చాలునా?

జవాబు: మీకుండేది ఒక్క పీఆర్ఐనే గదా, చాలు.