కనికట్టు చేసినంత మాత్రాన షామన్ మోసగాడేనా?

అడ్డప్రశ్న:
కెనడా పశ్చిమ తీరంలోని క్వాకియుట్ల్ ప్రజల్లో క్వెసలిడ్ అనే అతను ఉండేవాడు. షామన్లంతా, అంటే ఆత్మలతో మాట్లాడి జబ్బులు నయం చేస్తామనే మంత్రవైద్యులంతా దొంగలేనని అనుమానించి, గుట్టు బయటపెడదామని వాళ్ల దగ్గరే శిష్యుడిగా చేరాడు. గుట్టు దొరికింది కూడా. నోట్లో కాస్త పక్షి నూగు దాచుకోవాలి. రోగి ఒంటిని నోటితో పీల్చాలి. నోట్లోనే నెత్తురు తెప్పించి, తడిసిన ఆ నూగును ఉమ్మి, ఇదే నీ జబ్బు అని చూపించాలి. ఇంత తెలిశాక ఇంకా వాదనెందుకు? ఎక్కడైనా సరే, దేవుడికీ మనిషికీ మధ్య నిలబడి బతికేవాళ్ల పని ఇదే. కాదనేవాళ్లు చెప్పండి.

పాతగడియారం:
కథ సగంలో ఆపేశారు. క్వెసలిడ్ మొదటి రోగి అతన్ని కలలో చూసి కబురు పంపాడు, కోలుకున్నాడు. రోగి ఆ కలను గట్టిగా నమ్మడమే కారణమని క్వెసలిడ్ అనుకున్నాడు. తర్వాత పొరుగున ఉన్న కోస్కిమో వాళ్ల దగ్గరికి వెళ్లాడు. అక్కడి షామన్లు చేతిలో వట్టి ఉమ్మి చూపించి అదే జబ్బు అనేవాళ్లు. వాళ్ల వల్ల కాని రోగికి ఇతని నెత్తుటి నూగుతో నయమైంది! వాళ్లకు తల కొట్టేసినట్టయింది. అబద్ధమని తెలిసి చేసినవాడే పెద్ద షామన్ అయ్యాడు. మానవశాస్త్రవేత్త లెవీస్ట్రాస్ 1949లో దీని మీద రాస్తూ లెక్క తిరగేశాడు: రోగులు బాగుపడ్డారని అతను గొప్ప షామన్ కాలేదు, గొప్ప షామన్ అయ్యాడు కాబట్టే రోగులు బాగుపడ్డారు.

అడ్డప్రశ్న:
నేనంటున్నదీ అదేగా. పేరు చూసి టెన్షన్ తగ్గుతుందేమో, క్షయ తగ్గదు.

మంచుగువ్వ:
మీ ఇద్దరూ రోగి మంచం చుట్టూనే తిరుగుతున్నారు. అసలు వీళ్లందరినీ ఒకే గాటన కట్టడం దగ్గరే నాకు పేచీ. సైబీరియాలో ఎవెంకీ షామన్ డప్పు కొడుతూ చనిపోయినవాళ్ల ఆత్మలను ఆవలి లోకానికి సాగనంపుతాడు. కొరియాలో ముడాంగ్‌లు, అంటే అక్కడి షామన్లు, ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్లకు ముందు దేవత పట్టిన జబ్బు వస్తుంది, దీక్ష తీసుకుంటేనే అది వదులుతుందంటారు. నైజీరియాలో యొరుబా ప్రజల్లో సోదె చెప్పే బబలావోకు పూనకంతో పనిలేదు. ఒడులనే 256 గుర్తుల కింద వచ్చే పద్యాలను ఏళ్ల తరబడి కంఠస్థం చేసి, పడిన గుర్తును బట్టి అందులోంచి చదువుతాడు. ఇక దక్షిణ సూడాన్ ప్రాంతపు న్యూయర్ ప్రజల్లో చిరుతచర్మం కప్పుకునే పెద్ద ఉంటాడు. హత్య చేసినవాడు ఆయన ఇంటికి పారిపోతే అక్కడ ఎవరూ ముట్టుకోరు. పశువుల రూపంలో పరిహారం ఎంతో ఆయన రెండు వైపులా తిరిగి మాట్లాడి తేలుస్తాడు. ఎవరినీ శాసించే అధికారం ఆయనకు లేదు. ఇందులో కనికట్టు ఎక్కడుంది?

నిశాచరి:
మోసమా కాదా అన్నదానికంటే, ఆ మనిషి వేలు ఎవరి వైపు చూపిస్తుందన్నది నాకు ముఖ్యం. "నీ కష్టానికి ఫలానావాడు కారణం" అని చెప్పే పని కూడా చాలాచోట్ల వీళ్లదే. మధ్య ఆఫ్రికాలో అజాండే ప్రజల మధ్య ఉండి మానవశాస్త్రవేత్త ఇవాన్స్ ప్రిచర్డ్ రాసినదాని ప్రకారం, అక్కడ సోదె చెప్పేవాడి మాట ఆఖరిది కాదు. కోడికి విషం పెట్టి మళ్లీ అడుగుతారు, అది చస్తుందా బతుకుతుందా అన్నదే జవాబు. పేరు బయటికొచ్చినవాడికి ఆ కోడి రెక్క చూపిస్తారు. అతను దాని మీద నీళ్లు ఊది, నా మనసులో ఏ చెడూ లేదంటాడు. చాలావరకు గొడవ అక్కడితో సద్దుమణుగుతుంది. ఇలాంటి కళ్లెం లేని చోట ఏమవుతుందో టాంజానియాలో చూశాం. పుట్టుకతోనే ఒంటికి రంగు లేని అల్బినోల అవయవాలతో అదృష్టం కలిసొస్తుందని మంత్రగాళ్లు నమ్మించడంతో హత్యలు జరిగాయి. 2015 జనవరిలో ప్రభుత్వం ఆ మంత్రగాళ్ల మీద నిషేధం పెట్టాల్సి వచ్చింది.

మంచుగువ్వ:
నిషేధం అంటే భయమే నాకు. సోవియట్ ప్రభుత్వం కూడా మూఢనమ్మకం పేరుతోనే షామన్ల డప్పులు లాక్కుంది, మనుషులను జైళ్లలో పెట్టింది. వాళ్లు ఏ హత్యలు చేయించారని? దక్షిణాఫ్రికా 2007లో సంప్రదాయ వైద్యుల నమోదుకు చట్టం తెచ్చింది. ఆ దారి నయం.

నిశాచరి:
నమోదు పుస్తకంలో పేరుంటే చూపించే వేలు ఆగిపోతుందా?

అడ్డప్రశ్న:
న్యూయర్ పెద్దను వదిలేస్తా, ఆయన మధ్యవర్తి. నయం చేస్తానని సొమ్ము పుచ్చుకునేవాణ్ని మాత్రం వదలను.

పాతగడియారం:
క్వెసలిడ్ కూడా మీ పక్షమే. తను చూసినవాళ్లలో ఒక్కడే నిజమైన షామన్ అయ్యుంటాడని అతనికి అనిపించిందట. కారణం, ఆ మనిషి నయమైనవాళ్ల దగ్గర ఏమీ తీసుకోడు. అయితే ఇలా అనుకున్న క్వెసలిడ్ తన నెత్తుటి నూగును మాత్రం వదల్లేదు. ఉమ్మి చూపించేవాళ్ల కంటే అదే నయమని సమర్థించుకుంటూ వైద్యం సాగించాడు.