చీటీకి ష్యూరిటీ అడిగితే మొహమాటం వదిలి మొహానే చెప్పాలా?

పెన్నా గట్టు: చీటీ పాడుకున్న బంధువు ష్యూరిటీ సంతకానికి వస్తాడు. లోపల ఇష్టముండదు, పైకి నవ్వుతూ "చూద్దాంలే" అంటాం. ఈ ముసుగు తీసేయాలా, ఉంచుకోవాలా?

కావలి ప్యాసింజర్: తీసేయాల్సిందే. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చూడండి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పుదారుతో సమానం. అతను ఎగ్గొడితే చీటీ కంపెనీ నేరుగా మీ మీదికే రావచ్చు. అందుకని అడిగిన నిమిషంలోనే "నేనెవరికీ ష్యూరిటీ పెట్టను" అనేసి నోరు మూసుకోవాలి. మళ్లీ అడిగితే అదే వాక్యం, అదే గొంతు. కారణం చెప్పారా, బేరం మొదలైనట్టే. "జీతం చాలదు" అంటే "శాలరీ సర్టిఫికెట్ చాలు, కట్టేది నేనేగా" అంటాడు. "ఇంట్లో ఒప్పుకోరు" అంటే సాయంత్రానికి ఇంట్లోవాళ్ల ముందు కూర్చుంటాడు.

ఒంగోలోడు: కారణం చెప్పకపోతే పొగరంటారు అబ్బయా.

కావలి ప్యాసింజర్: అననీ.

కందుకూరు పంతులు: లోపలున్నదంతా కక్కేస్తే నిజాయితీ అయిపోద్దా? "నీమీద నమ్మకం లేదు" అన్నదీ నిజమే, అదీ అంటారా? ఎదుటి మనిషిని బట్టి మన వేషం మారుతుందని సమాజ శాస్త్రవేత్త గాఫ్‌మన్ 1950ల్లోనే రాశాడు. అది మోసం కాదు, నలుగురిలో బతికే తీరు. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పండి. వాట్సాప్‌లో మాత్రం వద్దు, ఆ మెసేజీ ఊరంతా తిరుగుద్ది. తిరిగి రాకున్నా పర్లేదనుకునేంత చేబదులు ఇస్తామనండి.

కావలి ప్యాసింజర్: కాదన్నందుకు లంచమా? అది ఇంకో ముసుగు.

కందుకూరు పంతులు: లంచమంటారేంది! మెత్తగా "పెట్టను" అనేవాడూ, "చూద్దాంలే" అని తిప్పించుకునేవాడూ ఒకటేనా?

కావలి ప్యాసింజర్: చేబదులు సంగతి చెప్పండి ముందు.

ఆత్మకూరు కోడలు: గంట నుంచి చేబదులు దగ్గరే ఉన్నారు. మొహాన చెప్పేసి ఆఫీసుకి పోయేది మీరు. ఆ తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో దెప్పుళ్లు పడేది ఇంట్లో ఆడవాళ్లు. పోనీ, ఉద్యోగం చేసే కోడల్నే మామగారు సంతకం అడిగితే? ఆ ఒక్క వాక్యం ఆమె అంటే ఏమవుద్దో రాయండి.

కావలి ప్యాసింజర్: అది వేరే విషయం.

ఆత్మకూరు కోడలు: అదే విషయం. మీకు పొగరనే పేరొస్తే పోయేదేం లేదు, ఆమె ఆ ఇంట్లోనే ఉండాలి.

ఒంగోలోడు: 👏

కందుకూరు పంతులు: అయితే ముందు ఇంట్లో అనుకోవాలి. ఎవరిని అడిగినా ఒకే మాట రావాలి.

కావలి ప్యాసింజర్: అందాకా మళ్లీ "చూద్దాంలే"నేగా?

పెన్నా గట్టు: "శుక్రవారం చెప్తా" అనొచ్చు. ఆ రోజు వాళ్లు రాకముందే మనమే వెళ్లి చెప్పాలి. ఇంకో మనిషిని వెతుక్కోవడానికి వాళ్లకీ టైం కావాలి గదా.