‘తసమదీయులు’ అన్న మాటను దిద్దవద్దు

మొన్న కందుకూరు మిత్రులొకరు వేసిన ప్రశ్నకు ఇక్కడ వచ్చిన జవాబులన్నీ చదివాను. ‘అస్మదీయులు’ (మనవాళ్లు) అన్న మాటకు ఎదురుగా, మనవాళ్లు కానివాళ్లు అన్న అర్థంలో పత్రికల్లో కనిపిస్తున్న ‘తస్మదీయులు’ సంస్కృతంలో నిజంగా ఉన్నదా, లేక 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రంతోనే పుట్టిందా అన్నది వారి సందేహం. కొందరు అది శుద్ధ సంస్కృతమన్నారు, మరికొందరు నవ్వించడానికి రాసిన తప్పుమాట అని తేల్చేశారు. రెండూ సరికావని నా అభిప్రాయం. ముప్పై ఏళ్లకు పైగా నెల్లూరు చుట్టుపక్కల బడుల్లో తెలుగు చెప్పినవాణ్ణి, అంతకు చాలా ముందునుంచే రమణారెడ్డి గారి అభిమానిని. ఆ చిత్రంలో రాక్షసులకు చదువు చెప్పే చిన్నమయ్య ఆయనే కాబట్టి, వ్యాకరణాన్నీ అభిమానాన్నీ విడదీయకుండానే ఈ జవాబు రాస్తున్నాను.

ముందు సంస్కృతం సంగతి. సర్వనామాలకు ‘ఈయ’ చేరితే ‘వారికి చెందిన’ అన్న అర్థం వస్తుంది. ‘అస్మద్’ నుంచి అస్మదీయ, ‘యుష్మద్’ నుంచి యుష్మదీయ, ‘తద్’ నుంచి తదీయ అన్న రూపాలు ఏర్పడతాయి. ఉత్తరం చివర మనం రాసే ‘భవదీయుడు’ కూడా ఈ కోవలోదే. అంటే ‘వాళ్లవాళ్లు’ అనడానికి సంస్కృతం ఇచ్చే మాట ‘తదీయులు’. వైష్ణవాలయాల్లో స్వామివారి భక్తులకు జరిపే సమారాధనను ‘తదీయారాధన’ అంటారు. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడికి వెళ్లివచ్చే మన నెల్లూరివాళ్లలో పెద్దలకు ఈ మాట చెవిన పడే ఉంటుంది. ‘తస్మద్’ అనే సర్వనామం మాత్రం సంస్కృతంలో లేదు. ‘తస్మాత్’ ఉన్నది, కానీ అది ‘తద్’ శబ్దానికి పంచమీ విభక్తి రూపం. ‘అందువలన’ అని దాని అర్థం. ‘తస్మాత్ జాగ్రత్త’ అని మనం రోజూ అనేది దానినే. విభక్తి చేరి పూర్తయిపోయిన ఆ రూపానికి మళ్లీ ‘ఈయ’ చేర్చి కొత్త మాట చేయడం కుదరదు. కాబట్టి శుద్ధ సంస్కృతమన్న వాదం నిలవదు.

అయితే తప్పుమాట అన్న తీర్పు కూడా నిలవదు. ఆ చిత్రంలో ఆ మాట అన్నవాడు సంస్కృత పండితుడు కాదు, కొత్తగా చదువు నేర్చుకుంటున్న రాక్షసుడు. ‘అస్మత్’ అన్నది విన్నాడు, ‘తస్మాత్’ అన్నదీ ఎక్కడో వినే ఉంటాడు. ఒకటి మనవాళ్లను చెబితే, అదే పోలికతో రెండోది మనవాళ్లు కానివాళ్లను చెప్పాలని అతని బుద్ధికి తోచింది. ఇలా ఒక మాట పోలికతో మరొక మాటను కల్పించుకోవడం భాష నేర్చుకునే ప్రతి మనిషీ చేసే పనే. మా చెల్లెలి మనవరాలికి అమ్మమ్మ, నాయనమ్మ అన్న రెండు మాటలు వచ్చిన తరువాత, ఇద్దరు తాతలనూ ఒకే మాటతో ఎందుకు పిలవాలో అర్థం కాలేదు. ఒకరోజు భోజనాల దగ్గర ఒకరిని ‘అమ్మతాత’ అనీ రెండోవారిని ‘నాయనతాత’ అనీ పిలిచింది. ఏ నిఘంటువూ ఆ బిడ్డకు ఆ మాటలు నేర్పలేదు. ఇంట్లో ఎవ్వరూ అర్థమడగలేదు, ఆ రోజునుంచి అందరం అలాగే పిలుస్తున్నాం.

మన నెల్లూరిలో తిక్కన గారికి సమకాలికుడైన మూలఘటిక కేతన తెలుగులో వచ్చిన తొలి తెలుగు వ్యాకరణం ‘ఆంధ్రభాషాభూషణం’ రాస్తూ, తెలుగులో కొంత సంస్కృతం వలన వచ్చిందనీ, కొంత తానుగా కలిగిందనీ, ఆ రెండూ ఏకమై తెలుగు అయిందనీ చెప్పాడు. ‘తసమదీయులు’ అన్న ఒక్క మాటలోనే కేతన చెప్పిన ఆ రెండూ కలిసి ఉన్నాయి. చివరి ‘ఈయ’ సంస్కృతానిది, మొదటి భాగం తానుగా కలిగింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ చర్చలో ఇంతవరకు ఎవ్వరూ గమనించని సంగతి ఒకటున్నది. చిత్రంలో వినిపించేది ‘తస్మదీయులు’ కాదు, ‘తసమదీయులు’. దాని జంట కూడా ‘అస్మదీయులు’గా కాక ‘అసమదీయులు’గానే పలుకుతుంది. ‘స్మ’ అన్న సంయుక్తాక్షరం మధ్యలో ఒక అచ్చు చేరి అక్షరం రెండుగా విడిపోయింది. దీనిని వ్యాకరణంలో స్వరభక్తి అంటారు. సంస్కృతపు జంట హల్లులు తెలుగు నోటికి చిక్కినప్పుడు సాధారణంగా రెండు దారులు పడతాయి. ఒకటి, రెండు హల్లులూ ఒకటైపోవడం: అగ్ని అగ్గి అవుతుంది, భక్తి బత్తి అవుతుంది. రెండవది, మధ్యలో అచ్చు చేరడం: రత్నం రతనం, రాత్రి రాతిరి, చంద్రుడు చందురుడు, శ్రీ సిరి. వీటిని ఎవరూ తప్పులనరు. వికృతులని, తద్భవాలని పేరు పెట్టి పిల్లలకు పాఠం చెబుతాం, పరీక్షలో మార్కులిస్తాం. ‘సిరి’ని నెత్తిన పెట్టుకున్న నోటితోనే ‘అసమదీయులు’ను వెక్కిరించడం నాకు న్యాయంగా తోచదు. రెండింటిలోనూ జరిగింది ఒక్కటే.

ఈ సంగతి నాకు వ్యాకరణం చదివినప్పుడు తెలిసింది కాదు. కోవూరు దగ్గర ఒక ఊళ్లో డేరా హాలు ఉండేది. నేను చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు ‘మాయాబజార్’ అక్కడికి మళ్లీ వస్తే మా అవ్వ నన్ను తీసుకుపోయింది. నేల టిక్కెట్టు, ముందు కూర్చున్నవాళ్ల తలలు అడ్డం రాకుండా ఇసుకను చేతులతో దగ్గరికి లాగి, దిబ్బ చేసి, దాని మీద నన్ను కూర్చోబెట్టింది. తెర మీద చిన్నమయ్య శిష్యులకు పాఠం చెబుతున్నాడు. ‘దుష్టచతుష్టయం’ అన్న మాట వాళ్ల నోట ముక్కలై వస్తున్నది, ఆయన విసిగిపోతున్నాడు. నేను నవ్వుతున్నాను. అవ్వ నవ్వలేదు. నా చెవి దగ్గరికి వంగి, “బాగానే చెప్తుండారు గదా అబ్బయా, ఆయన ఎందుకట్టా కసురుకుంటాడు?” అని అడిగింది.

ఆమె నిజంగానే అడిగింది. ఆమె చెవికి ఆ రాక్షసుల పలుకులో లోపమేమీ కనిపించలేదు, ఎందుకంటే ఆమె పలుకూ అదే. ‘ధర్మం’ ఆమె నోట ‘ధరమం’, ‘కర్మ’ ఎప్పుడూ ‘కరమ’. ‘రాతిరి పొద్దుపోయి తిరగొద్దబ్బయా’ అన్నది ఆమె నాకు రోజూ చెప్పిన మాట. తరువాత ఎన్నో ఏళ్లకు తరగతిలో ఒక పిల్లవాడు ‘రతనం’ అని చదివితే కోప్పడబోయి, ఇసుక దిబ్బ మీది ఆ ప్రశ్న గుర్తుకొచ్చి ఆగిపోయాను.

ఇప్పుడు రమణారెడ్డి గారి గురించి. ఆయన 1921లో మన జిల్లా జగదేవిపేటలో పుట్టారు. సినిమాల్లోకి వెళ్లకముందు నెల్లూరిలో శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేశారు. ఆయన పేరు చెప్పగానే బక్కపలుచని దేహం, రేలంగి గారితో జంట గుర్తుకొస్తాయి. నేను ఆయన చిత్రాలన్నీ మళ్లీ మళ్లీ చూసింది మాత్రం మాట కోసం. ‘రోజులు మారాయి’లో కరణంగా, ‘మిస్సమ్మ’లో డేవిడ్‌గా, ‘గుండమ్మ కథ’లో గంటయ్యగా ఆయన వేసినవి జిత్తులమారి పాత్రలు. మన యాస ఆయన గొంతులో మెత్తగా దొర్లుతూ ఉంటే ఎదుటివాడిని బుట్టలో వేసే మనిషి కళ్లకు కడతాడు. ‘గుండమ్మ కథ’లో ఆయనతోపాటు కావలికి చెందిన రాజనాల గారు కూడా ఉన్నారు, మన జిల్లావాళ్లిద్దరినీ ఒకే చిత్రంలో చూడడం నాకు ఇప్పటికీ పండగే. అయినా అన్నింటికంటే పైన నేను చిన్నమయ్యనే నిలబెడతాను. ఇది ఆయన అభిమానుల్లో చాలామంది ఒప్పుకోని మాటని తెలుసు. గంటయ్యను మించిన పాత్ర లేదని నాతో వాదించిన మిత్రులు ఎందరో ఉన్నారు.

నా కారణం ఇది. డేవిడ్‌కూ గంటయ్యకూ తమ లాభం తమకు తెలుసు, ఆ లాభం కోసమే మాట్లాడతారు. చిన్నమయ్యకు ఆ దురాశ లేదు. తనకు వచ్చిన చదువు శిష్యులకు రావాలన్న ఆరాటం ఒక్కటే ఉన్నది. ఆ ఆరాటాన్ని రమణారెడ్డి గారు ఒక్క చోట కూడా వెకిలిగా చేయలేదు. గురువును వెర్రిబాగులవాడిగా చూపిస్తే నవ్వు తేలికగా వస్తుంది. ఆయన ఆ తేలిక దారి పట్టలేదు. శిష్యుడు మాటను విరిచినప్పుడు ఆయన ముఖంలో కనిపించే బాధ, ముప్పై ఏళ్లు ఆ పనే చేసిన నాకు బాగా తెలిసిన బాధ. యాసకు పేరుపడ్డ నటుడు అక్షరశుద్ధి కోసం తపించే గురువుగా నిలబడడంలోనే ఆ పాత్ర గొప్పతనమంతా ఉన్నది. గురువు అంత నిజంగా ఉండబట్టే శిష్యుల పలుకు కూడా మనకు నిజంగా వినిపించింది. ఎదురుగా ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు కొత్త మాటను మెచ్చుకుని, ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయన్న ధోరణిలో, మెప్పుకు గుర్తుగా ఆ శిష్యుడికి వీరతాడు వేయిస్తాడు. ఆ తీర్పు రాసింది పింగళి నాగేంద్రరావు గారు. ఆ తీర్పుకు బరువు రావాలంటే ఎదురుగా వ్యాకరణం మీద నిజమైన ప్రేమ ఉన్న మనిషి ఒకడు నిలబడాలి. ఆ మనిషి రమణారెడ్డి గారు.

ఇక పత్రికల్లో కనిపిస్తున్న ‘తస్మదీయులు’ ఎక్కడిది? అది దిద్దుబాటువల్ల వచ్చింది. ‘అసమదీయులు’ అన్నది ‘అస్మదీయులు’కు వికృతి అని తెలిసినవారు, అదే లెక్కన ‘తసమదీయులు’కు కూడా ఒక ప్రకృతి ఉండి తీరాలనుకుని, విడిపోయిన అక్షరాన్ని మళ్లీ అతికించారు. ఎన్నడూ సంయుక్తాక్షరం లేని మాటకు సంయుక్తాక్షరం తగిలించారు. రాక్షసుడు కల్పించిన మాటకు తెలుగు నోటి ధర్మమైనా ఉన్నది. ఈ దిద్దిన మాటకు అటు సంస్కృతం లేదు, ఇటు తెలుగూ లేదు. కొన్నేళ్ల కిందట నేను ఇదే విషయం మీద ఒక మాసపత్రికకు వ్యాసం పంపితే, అచ్చులో ప్రతి ‘తసమదీయులు’నూ ‘తస్మదీయులు’గా మార్చి వేశారు. మార్చవద్దని చెప్పడానికే రాసిన వ్యాసం అది. అందులో ‘ఈ మాటలో స్మ లేదు’ అన్న వాక్యం పక్కనే ‘తస్మదీయులు’ అని కనబడేసరికి ఆ సంచికను ఎవరికీ చూపించలేకపోయాను. ఆ బాధ వల్లనే ఇక్కడ ఇంత వివరంగా రాస్తున్నాను.

ఉదయగిరి మిత్రులు ‘వీరతాడు’ గురించి కూడా అడిగారు. సంస్కృత పదమైన ‘వీర’కు తెలుగు పదమైన ‘తాడు’ చేర్చడం వ్యాకరణ నియమం ప్రకారం పొసగదని, అది వైరిసమాసమని పట్టుబట్టేవారున్నారు. మొలతాడు, పుస్తెలతాడు అన్న మాటల మధ్య పెరిగిన చెవికి వీరతాడులో ఎబ్బెట్టేమీ లేదు. దాని గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

అదే చిత్రంలోని ‘గిల్పం’, ‘గింబళి’ల మాట ఎత్తినవారికి కూడా ఒక్క సంగతి. అవి గాలిలోంచి ఊడిపడలేదు. పులి గిలి, పుస్తకం గిస్తకం అని మొదటి అక్షరాన్ని ‘గి’గా మార్చి జంట కట్టడం మన నిత్యవ్యవహారంలో ఉన్నదే. తల్పం పక్కన గిల్పం, కంబళి పక్కన గింబళి ఆ సూత్రానికే లోబడి వచ్చాయి. మామూలుగా ఆ రెండో మాటకు విడిగా అర్థముండదు. చిత్రంలో ఆ పేరుతో ఒక వస్తువునే తెచ్చి చూపించారు. అది రచయిత చేసిన అపురూపమైన పని.

రాత్రి ఒంగోలు అక్కయ్య గారు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే చేరుస్తున్నాను. తానూ ఉపాధ్యాయురాలినేనని, రేపు పరీక్షలో ఒక పిల్లవాడు ‘అస్మదీయులు’కు వ్యతిరేకపదంగా ‘తసమదీయులు’ అని రాస్తే మార్కు ఇవ్వాలా వద్దా అని ఆమె అడిగారు. అక్కయ్యా, నేనైతే ఇస్తాను. ఆ మాట జనం నోళ్లలో అరవై ఏళ్లకు పైగా బతుకుతున్నది, దాని అర్థం తెలియని తెలుగువాడు అరుదు. మార్కు ఇచ్చి, పక్కన ఎర్రసిరాతో ‘సంస్కృతంలో తదీయులు’ అని రాస్తాను, పిల్లవాడికి రెండూ తెలుస్తాయి. ‘తస్మదీయులు’ అని రాస్తే మాత్రం మార్కు వేసే ముందు పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, ఆ ‘స్మ’ ఎక్కడ చూశావు నాయనా అని అడుగుతాను.