స్పైన్ ఆపరేషన్ అయి ఏడాదైనోళ్లకి ఫోన్ చేస్తే సగం మంది దొరకట్లే, వీళ్లని లెక్కలో ఎట్ల చూపించాల?

బురుజుకాడ, కర్నూలు:
అందరికీ నమస్తే. నేను ఫిజియోథెరపిస్టుని, ఒక స్పైన్ సర్జన్ దగ్గర పనిచేస్తున్నా. నడుములో డిస్క్ జారినోళ్లు, నరం ఒత్తుకొని నాలుగడుగులు వేస్తే కాళ్లు లాగేసేవాళ్లు మా దగ్గరికి ఎక్కువ వస్తారు, ఆపరేషన్ ముందర ఓస్వెస్ట్రీ ఫారం నింపిస్తాం, నడుము నొప్పితో రోజూ పనులకి ఎంత ఇబ్బందో పది ప్రశ్నల్లో కొలిచేది, మళ్లా మూడు నెల్లకి, ఏడాదికి అవే పది ప్రశ్నలు ఫోన్ చేసి అడగాల, ఆ పని నాది. మూడు నెల్లప్పుడు ఇబ్బంది లేదు, మందులు, బెల్టు అని ఎట్లైనా వస్తారు కదా. ఏడాదికి వచ్చేసరికి 64 మందిలో 37 మందే దొరికినారు. తక్కినోళ్లలో కొందరి నంబర్లే పనిచేయట్లే, కొందరికి రింగ్ పోతాది ఎత్తరు, కొందరింట్లో వాళ్లు "బాగుండాడులేమ్మా" అని పెట్టేసినారు, ఆ మాటని నేను జవాబు కింద రాసుకోలే.

దొరికిన 37 మందిలో 30 మంది బాగున్నామన్నారు. సారు కాన్ఫరెన్సులో పోస్టర్ పెడదాం, 80 శాతం పైనే మంచి రిజల్ట్ అని రాయి అంటున్నాడు. నాకు చెయ్యి రావట్లే. ఆ 27 మంది చేన్లో పని చేసుకుంటా ఉండారో, మంచంలో ఉండారో నాకు తెలీదు కదా. ఎవరైనా ఇట్లాంటి పని చేసినోళ్లు ఉంటే చెప్పండి.

లెక్కలపిల్లోడు, అనంతపురం:
అక్కా, మీకు చెయ్యి రాకపోవడమే కరెక్టు. ముందు ఈ చిన్న లెక్క సారుకి చూపించండి. దొరకని 27 మందికీ బాగలేదు అనుకుంటే 64లో 30, అంటే 47 శాతం. 27 మందీ బాగుండారు అనుకుంటే 57, అంటే 89 శాతం. నిజం ఈ రెండిటి నడుమ యాడో ఉంది, 81 అని ఒక్క నంబర్ రాస్తే చదివేవాళ్లకి ఆ సంగతి కనపడదు. పోస్టర్లో మొదటి లైన్లోనే 64 మందికి ఆపరేషన్, ఏడాదికి 37 మంది జవాబు అని పెట్టండి.

ఇంగో మాట. సారు నార్వే పేపర్ చూపించొచ్చు, 2011లో వచ్చింది. నడుము ఆపరేషన్ అయిన 633 మందిలో రెండేళ్లకి 22 శాతం మంది ఫారాలు పంపలేదు, వాళ్లని వెతికి ఫోన్లో అడిగితే జవాబిచ్చినోళ్లకీ వీళ్లకీ పెద్ద తేడా లేదని తేలింది. దాన్ని పట్టుకొని మనక్కూడా తేడా ఉండదులే అనేస్తారు. కానీ అక్కడ ఎక్కువమంది చెప్పిన కారణం మర్చిపోయినాం అని. మర్చిపోవడానికీ నొప్పికీ సంబంధం లేదు కాబట్టి అక్కడ సరిపోయింది. మన దగ్గర నొప్పి తగ్గక బెంగుళూరుకో హైదరాబాద్‌కో పోయి ఇంకో డాక్టర్‌కి చూపించుకున్నోడు మీ ఫోన్ ఎందుకు ఎత్తుతాడు? పైగా వాళ్లు 22 శాతం, మీరు 42. వాళ్ల రిజల్ట్ కంటే వాళ్లు చేసిన పని తెచ్చుకోవాల మనం, దొరకనోళ్లని వెతికి, ఎందుకు జవాబియ్యలేదో అడగడం.

మూడు నెల్ల స్కోరునే ఏడాది గడిలో దింపేయమంటే మాత్రం ఒప్పుకోవద్దు. అదే చోట డిస్క్ మళ్లీ జారినోళ్లు ఆ నడుమ ఉంటే మీకు కనపడనే కనపడరు. ఈలోపల ఆ 37 మందికీ ఈ 27 మందికీ ఆపరేషన్ ముందర స్కోరు, వయసు, ఊరు, పని పక్కపక్కన పెట్టి చూడండి, కొంచెం అర్థమైతాది.

కోసిగిశీన:
నేను డాక్టర్ని కాను, కానీ ఆ "బాగుండాడులే" అన్నోళ్లలో నేనొకణ్ణి, అందుకే రాస్తాండా. మా నాయనకి నడుము ఆపరేషన్ అయింది, ఆస్పత్రిలో నంబర్ అడిగితే నాది ఇచ్చినాం, ఆయనకి ఫోన్ లేదు. దీపావళి దాటినాక మేం సుగ్గికి, అంటే కూలి పనులకి వలస పోతిమి, గుంటూరు వైపు, మొదట పత్తి ఆ తర్వాత మిరప, ఇంట్లో ముసలోళ్లు, బడికి పోయే పిల్లోళ్లు ఉంటిరి. ఫోన్ వచ్చినప్పుడు నేను చేన్లో ఉంటి, మేస్త్రీ చూస్తాండాడు, అదీగాక తెలీని నంబర్ నుంచి పేరు, వయసు అడుగుతాంటే ఓటీపీ మోసగాళ్లేమో అని భయం. బాగుండాడు అని పెట్టేసినా. ఇంటికొచ్చి చూస్తే ఆయన గొంతు కూర్చోలేడు, దొడ్డికి పోవాలంటే మా యమ్మ పట్టుకోవాల. మళ్లీ ఆపరేషన్ అంటారేమో అని మాకెవరికీ చెప్పలేదంట. నేను చెప్పింది అబద్ధమే అయిపోయె గదా. మీరు అడగాల్సింది ఆయన్ని, నన్ను కాదు.

ఫిజియో_కడప:
శీనన్న చెప్పింది చాలా విలువైన మాట. మా కడపలో కొడుకు కువైట్‌లో ఉంటాడు, కేసుషీట్లో ఆయన నంబరే ఉంటుంది, ఇదే కథ. నేనిప్పుడు డిశ్చార్జ్ రోజే రెండు నంబర్లు తీసుకుంటున్నా, ఒకటి పేషెంట్ పక్కన ఎప్పుడూ ఉండేవాళ్లది, పక్కింటోళ్లదైనా సరే. కన్సెంట్ ఫారంలో ఆ సంగతి రాయించి సంతకం తీసుకుంటా, లేకపోతే ఒకరి జబ్బు గురించి ఇంకొకరిని అడిగినట్లు అయితాది. ఇంట్లోవాళ్లు చెప్పిన జవాబైతే వేరే గుర్తు పెట్టుకోండి, పేషెంట్ జవాబుల్లో కలపొద్దు.

ఫోన్ ఎత్తినోళ్లలో కూడా ఎనిమిదో ప్రశ్న చూసుకోండి, దాంపత్యం గురించి అడిగేది. మన ఆడోళ్లు దానికి జవాబు చెప్పరు, దాంతో మిగతావి కూడా తొందరగా ముగించేస్తారు. ముందే ఇష్టం లేకపోతే వదిలేయొచ్చమ్మా అని చెప్పండి. ప్రశ్నకి 5 చొప్పున మొత్తం 50, స్కోరు ఎక్కువైతే ఇబ్బంది ఎక్కువని. ఒక్క ప్రశ్న వదిలితే 50కి బదులు 45తో భాగించాల, 18 వస్తే 40 శాతం. ఖాళీని సున్నా అనుకొని 50తో భాగిస్తే 36 వస్తాది, అంటే మనిషి ఉన్నదానికంటే బాగున్నట్లు. మా దగ్గర పాత ఫైళ్లలో ఈ తప్పు ఉండె.

ఆపరేషన్ చేసిన సారు పేరు చెప్పి ఫోన్ చేస్తే మొహమాటానికి బాగుంది అనేవాళ్లు కూడా ఉంటారు. ఆ యూనిట్‌కి సంబంధం లేనోళ్లతో చేయించగలిగితే మేలు.

బురుజుకాడ, కర్నూలు:
అందరికీ థాంక్స్. 47 నుంచి 89 అని సారుకి చూపించినా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత పోస్టర్ ఆపుదాం, ముందు ఆ 27 మందిని వెతుకు అన్నాడు. లిస్టు తీసి చూస్తే అందులో 14 మంది కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపోళ్లే, నేను ఫోన్లు చేసింది జనవరి, ఫిబ్రవరిలో. ఆ నెలల్లో ఊర్లో ఎవరుంటారని నేనే ఆలోచించాల్సింది. ఈసారి ఉగాది ముందర చేస్తా, ఆదోనిలో ఒకరోజు కూర్చుంటా, కర్నూలు దాకా రాలేనోళ్లు అక్కడికే వస్తారు.

శీనన్నా, మీ నాయన ఇప్పుడెట్ల ఉండాడు? ఎవరి దగ్గర ఆపరేషన్ అయిందైనా పర్వాలేదు, ఒకసారి చూపించండి. మళ్లా ఆపరేషనే అని ఏం లేదు, ఎక్సర్‌సైజులతో కొంచెం వంగడం వస్తుందేమో చూద్దాం.

కోసిగిశీన:
కట్టె పట్టుకొని రచ్చకట్ట దాకా పోతాండాడు అక్కా. మీరు ఆదోనికొచ్చే రోజు చెప్పండి, పిల్చుకొస్తా. ప్రశ్నలు ఆయన్నే అడగండి, నేను బయట నిలబడతా.