హెచ్‌ఎంటీ జనతా వాచీకి బ్యాలెన్స్ ఇరుసు మార్చేవాళ్లు ఎక్కడున్నారు?

నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ. చేత్తో కీ ఇచ్చేది, 17 జ్యువెల్స్ (లోపలి ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు). ఒకసారి కీ ఇస్తే ఒకటిన్నర రోజు నడిచేది. రెండు నెలలుగా డయల్ పైకి ఉండేలా టేబుల్ మీద పెడితే పది నిమిషాల్లో ఆగిపోతోంది. బోర్లా పెడితే నడుస్తుంది కానీ రోజుకు 12 నిమిషాలు వెనకబడుతోంది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్ కుంటుతున్నట్టు వినిపిస్తోంది.

రాజమండ్రిలో మూడు షాపులు తిరిగాను. రెండు చోట్ల సెల్ మార్చడం, బెల్ట్ వేయడం తప్ప వేరే పని ముట్టుకోవడం లేదు. మూడో చోట ఒక పెద్దాయన విప్పి, పెట్రోల్‌తో కడిగి ఆయిల్ వేశారు. వారం బాగానే నడిచి మళ్లీ అదే తీరు. రెండోసారి వెళ్తే బ్యాలెన్స్ చక్రాన్ని (అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలకడగా ఉంచేది) పట్టకారతో పైకెత్తి, తన భూతద్దం ఇచ్చి నన్నూ చూడమన్నారు. వెంట్రుకంత సన్నగా ఉండే ఇరుసు మొన ఒకవైపు మొద్దుబారిపోయింది. "ఇది మార్చాలి బాబూ. నాకిప్పుడు చెయ్యి వణుకుతోంది, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లూ లేరు" అన్నారు. ఆ మాటకు చాలా బాధేసింది.

హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లోనే కేంద్రం నిర్ణయించింది కాబట్టి కంపెనీ సర్వీసు మీద ఆశ లేదు. ఆన్‌లైన్‌లో పాత మిషన్ మొత్తంగా దొరుకుతోంది, కానీ మిషనే మార్చేస్తే అది నాన్నగారి వాచీ ఎలా అవుతుంది?

ఇరుసు ఒక్కటే మార్చి, చక్రం తూకం సరిచేయగల మెకానిక్ హైదరాబాద్, విజయవాడ, బెంగళూరుల్లో ఏ బజారులో ఉన్నారో, మీరు స్వయంగా చేయించుకుని ఉంటే చెప్పగలరా?