వసంతం రాగానే మనసు నిలవకపోవడం నిజమా, కథలు నేర్పిన అలవాటా?

వేకువపిట్ట:
మార్చి వచ్చిందంటే చాలు, ప్రకటనల్లో, పాటల లిస్టుల్లో, వెబ్ సిరీస్‌ల్లో ఒకటే మాట. వసంతం వచ్చింది, ఇక ప్రేమలో పడాల్సిందే. ఇంగ్లీషువాళ్లు దీన్ని స్ప్రింగ్ ఫీవర్ అంటారు. పని మీద ధ్యాస ఉండదట, కాలు ఒకచోట నిలవదట, కారణం లేకుండానే ఎవరో ఒకరి మీదకి మనసు పోతుందట. నాకు ఇందులో నమ్మకం లేదు. వసంతంలో ఎలా ఉండాలో కథలూ సినిమాలూ చిన్నప్పటి నుంచి చెప్తూ వచ్చాయి, మనం అలాగే ఉంటున్నాం. నా వాదన ఇంతే.

1942లో డిస్నీ తీసిన బాంబి అనే జింకపిల్ల కార్టూన్ సినిమా చూడండి. ముసలి గుడ్లగూబ ముగ్గురు కుర్రాళ్లని ఎదురుగా పెట్టుకుని, వసంతంలో ఎవరికైనా మతి పోతుంది, జాగ్రత్త అని హెచ్చరిస్తుంది. మాకు మాత్రం అలా జరగదని ముగ్గురూ గట్టిగా చెప్పి బయల్దేరతారు. పది అడుగులు వేశారో లేదో ముందు స్కంక్ (దుర్వాసన చిమ్మే ఓ చిన్న జంతువు) ప్రేమలో పడిపోతుంది, తర్వాత కుందేలు, ఆఖరికి బాంబి కూడా. చూడ్డానికి ఎంతో ముద్దొస్తుంది. కానీ సినిమాలో బాంబి తెల్లతోక జింక. ఉత్తర అమెరికాలో ఆ జింకలు ప్రధానంగా జతకట్టేది శరత్కాలంలో, అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో. వసంతం ముగిసే వేళకి పిల్లల్ని కంటాయి. ప్రకృతి ధర్మం అని మనకి చూపించింది ఆ జింకల బతుకులో లేనే లేదు.

మనుషుల లెక్కా అంతే. అమెరికాలో కాన్పులు ఎక్కువగా జరిగేది జులై నుంచి సెప్టెంబరు దాకా. తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెడితే వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు, వసంతం కాదు.

ఇంకొకటి. జర్మన్ మాట్లాడే దేశాల్లో వసంతం అంటే నీరసానికి పేరు. ఒళ్లు బరువు, పగలు నిద్ర, దేని మీదా ఆసక్తి లేకపోవడం. అక్కడి పత్రికలు ఏటా దానికి చిట్కాలు రాస్తాయి. అదే సూర్యుడు, అవే నెలలు. ఒకచోట ఉరకలు, ఇంకోచోట ఆవలింతలు. కారణం శరీరమే అయితే ఇంత తేడా ఎందుకు వస్తుంది?

గడియారం:
వేకువపిట్ట గారూ, జింకల మాట నిజమే. కానీ అవి శరత్తులో జతకట్టేది కూడా వెలుతురు లెక్క చూసుకునే కదండీ. పగలు కుదించుకుపోతుంటే జింకలకీ గొర్రెలకీ ఎద మొదలవుతుంది. గుర్రాలకి దీనికి పూర్తిగా ఎదురు, పగలు పొడుగయితేనే ఎదకొస్తాయి. అందుకే గుర్రాలు పెంచేవాళ్లు చలికాలం నుంచే సాలల్లో రోజుకి 16 గంటల వెలుతురు ఉండేలా లైట్లు వేసి ఉంచుతారు. ఎద వారాల తరబడి ముందుకి జరుగుతుంది. అక్కడ కథ ప్రభావం ఏమీ లేదు, పనిచేసింది వెలుతురు ఒక్కటే.

మనిషి కంట్లోనూ ఆ ఏర్పాటు ఉంది. రెటీనాలో కొన్ని కణాలకి బొమ్మ చూడటం కన్నా ముఖ్యమైన పని, బయట వెలుతురు ఎంతుందో మెదడులోని గడియారానికి చెప్పడం. అవి తమంతట తామే వెలుతురుకి స్పందిస్తాయని 2002లో తేలింది. చీకటి పడ్డాక ఊరే నిద్ర హార్మోన్ మెలటోనిన్‌ని బలమైన వెలుతురు మనుషుల్లో కూడా ఆపేస్తుందని అంతకు చాలా ముందే, 1980లోనే చూపించారు.

భూమధ్యరేఖకి బాగా ఉత్తరాన ఉన్న దేశంలో నైట్ షిఫ్టులు చేసినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. చలికాలమంతా పని దిగేటప్పటికి ఇంకా చీకటే. తిన్నగా వెళ్లి పడుకుంటే నిద్ర పట్టేసేది. ఓ పొద్దున షిఫ్టు దిగి తలుపు తోస్తే మెట్ల మీద ఎండ పడి ఉంటుంది. రెయిలింగ్ మీద చెయ్యేస్తే మంచులా తగలదు. ఆ పూట నిద్ర రమ్మన్నా రాదు. మంచం మీద అటూ ఇటూ దొర్లి, లేచి బూట్లు వేసుకుని ఎటు పోతున్నానో తెలియకుండా నడిచేవాణ్ణి. ఏ పాటా విని కాదు, ఏ సినిమా గుర్తొచ్చీ కాదు.

చిన్న లెక్క కూడా చూడండి. మార్చి 20 ప్రాంతంలో 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర పగలు రోజుకి అయిదున్నర నిమిషాల చొప్పున పెరుగుతుంది. అంటే వారం తిరిగేసరికి అరగంట దాటిపోతుంది. 17 డిగ్రీల దగ్గర, అంటే మన హైదరాబాద్ వైపు, పెరిగేది రోజుకి ఒక్క నిమిషం. భూమధ్యరేఖ మీద తేడా దాదాపు ఉండదు. ఈ పాటలూ సినిమాలూ ఎక్కువగా ఎక్కడ పుట్టాయో చూస్తే, ఆ వెలుతురు అంత వేగంగా తిరిగొచ్చే దేశాల్లోనే. ముందు ఒంట్లో పుట్టింది, తర్వాత పాటలోకి వెళ్లింది.

లెక్కతేలాలి:
ఒకరి అనుభవం మీద సిద్ధాంతం నిలబడదు గడియారం గారూ. జర్మనీలో వెయ్యిమందికి పైగా రోజూ మూడ్ రాయించి, ఆ రోజు ఎండతో, గాలితో, ఉష్ణోగ్రతతో పోల్చిన అధ్యయనం 2008లో వచ్చింది. వాతావరణం ప్రభావం చాలా స్వల్పం అని తేలింది. 2016లో అమెరికాలో 34 వేల మంది సర్వే వివరాలు చూస్తే డిప్రెషన్ లక్షణాలు ఋతువుని బట్టీ మారలేదు, అక్షాంశాన్ని బట్టీ మారలేదు. ఎవర్ని అడిగినా చలికాలం దిగులు, వసంతం హుషారు అనే చెప్తారు. అడగకుండా కొలిస్తే మాత్రం అది కనిపించడం లేదు.

గడియారం:
సగటు దగ్గరే చిక్కంతా. ఒకరికి పెరిగి ఇంకొకరికి తగ్గితే సగటు సున్నా దగ్గరే ఉంటుంది. మీరు చెప్పిన 2008 అధ్యయనంలోనే మనిషికీ మనిషికీ తేడా చాలా ఉందని కూడా రాశారు. 2005లో అమెరికాలో ఇంకోటి వచ్చింది. వసంతంలో వాతావరణం బాగున్న రోజు కాస్త ఎక్కువసేపు ఆరుబయట గడిపినవాళ్లకి మూడ్ బాగుపడింది. నాలుగ్గోడల మధ్యే ఉన్నవాళ్లకి అదే రోజు మూడ్ ఇంకా తగ్గింది. వేసవిలో అయితే వేడి పెరిగేకొద్దీ మూడ్ దిగజారింది. వీళ్లందర్నీ కలిపి ఒక్క అంకె తీస్తే ఏం మిగులుతుంది? వసంతంలో కిటికీ ఇవతల కూర్చున్నవాడికి ఎందుకు చిరాకేస్తుందో ఆ అధ్యయనం చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పలేదని నా అభిప్రాయం.

ఆఖరిబెంచి:
క్యాలెండర్‌ని మర్చిపోతున్నారు. జపాన్ యానిమేలు చూడండి, చెర్రీ పూలు రాలుతుంటే ఎవరో ఒకరు విడిపోతారు, లేదా కొత్తవాళ్లు పరిచయమవుతారు. అక్కడ స్కూలు సంవత్సరం మార్చిలో ముగిసి ఏప్రిల్లో మొదలవుతుంది కాబట్టి. పూలు పూసే వారాల్లోనే స్నేహితులు మారిపోతారు. గుండె బరువెక్కడానికి ఆ ఒక్కటి చాలు.

పాతపుస్తకం:
వేకువపిట్ట గారూ, గడియారం గారూ, మీ ఇద్దరి వాదనా చదువుతుంటే మన ఆలంకారికులు, అంటే పాతకాలపు కావ్యశాస్త్రం రాసినవాళ్లు, గుర్తొచ్చారు. మీరు ఒకటిగా పట్టుకుని లాగుతున్నదాన్ని వాళ్లు ఏనాడో రెండుగా విడదీశారు. శృంగారంలో ఎవరి మీద మనసు నిలిచిందో ఆ మనిషి ఆలంబనం. వెన్నెల, చల్లగాలి, కోయిల, వసంతం, ఇవన్నీ ఉద్దీపనాలు. ఉద్దీపనం లోపల ఉన్నదాన్ని రాజేస్తుందే తప్ప లేనిదాన్ని పుట్టించదు. గడియారం గారి వెలుతురు ఉద్దీపనం. అది ఎటు తిరగాలో చెప్పేది వేరే.

కాళిదాసు కుమారసంభవం మూడో సర్గ తీసుకోండి. శివుడు తపస్సులో ఉన్నాడు. మన్మథుడు వసంతుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. కాలం కాని కాలంలో వనమంతా విరగబూసింది. తుమ్మెద తన ప్రియురాలి వెనకే వెళ్లి, ఆమె తాగిన పువ్వులోనే తానూ తేనె తాగింది. కృష్ణజింక కొమ్ముతో మెల్లగా గోకితే ఆడజింక ఆ స్పర్శకి కళ్లు మూసుకుంది. (కృష్ణజింకలు ఏడాది పొడుగునా జతకడతాయి కాబట్టి వేకువపిట్ట గారు కాళిదాసుని తప్పుపట్టలేరు.) అక్కడి మునులకి కూడా మనసు నిలుపుకోవడం కష్టమైంది. నంది పెదవి మీద వేలు పెట్టి సైగ చేస్తే అడవి మొత్తం బొమ్మలా ఆగిపోయింది.

ఇంత జరిగినా శివుడు కదల్లేదు. వసంతం ఒక్కటే ఆయన్ని ఏమీ చేయలేకపోయింది. పార్వతి వచ్చి ఎదురుగా నిలబడ్డాకే, చంద్రోదయం వేళ సముద్రంలా ఆయన ధైర్యం కాస్త చలించింది. ఆలంబనం వచ్చాకే ఉద్దీపనం పనిచేసింది. ఇంత స్పష్టంగా చూపించిన ఘట్టం నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ఇక రామాయణం. కిష్కింధాకాండ మొదలయ్యేదే పంపా సరస్సు ఒడ్డున, వసంతంలో. సీత దగ్గర లేదు. రాముడికి అశోకపూల గుత్తులు నిప్పు కణికల్లా కనిపిస్తాయి, తుమ్మెదల రొద మంట చప్పుడులా వినిపిస్తుంది, ఎర్రటి చిగుళ్లు జ్వాలల్లా తోస్తాయి. ఈ వసంతం అనే అగ్ని నన్ను కాల్చేస్తుంది అంటాడు లక్ష్మణుడితో. పక్కన సీత ఉంటే అవే పూలు పండగ. జర్మన్లకి నీరసం, అమెరికన్లకి హుషారు ఏమిటని అడిగారు కదా. రాజేసే నిప్పు ఒకటే, లోపల ఎవరికి ఏముందో అదే అంటుకుంటుంది.

వేకువపిట్ట:
పాతపుస్తకం గారూ, పంపా ఘట్టాన్ని ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు, కృతజ్ఞతలు. కానీ మీరు చెప్పింది నా వాదననే బలపరుస్తుంది. పాతవాళ్లు ఉద్దీపనాన్ని ఉద్దీపనంగానే ఉంచారు. సంయోగంలో సుఖం, వియోగంలో దుఃఖం, రెండూ రాశారు. ఈనాటి పాపులర్ కల్చర్ అందులో సగం తీసేసి, వసంతమే ప్రేమని తెచ్చిస్తుందని చెప్తోంది.

1945లో వచ్చిన స్టేట్ ఫెయిర్ అనే హాలీవుడ్ సినిమాలో ఒక పాట ఉంది. రిచర్డ్ రాడ్జర్స్ సంగీతం, ఆస్కార్ హామర్‌స్టైన్ మాటలు. ఆ ఏడాది ఉత్తమ గీతంగా ఆస్కార్ గెలిచింది. కథ జరిగేది వేసవి చివర, జాతర రోజుల్లో. ఆ పాట పాడే అమ్మాయికి ఏమీ తోచదు, ఒకచోట కుదురుగా ఉండలేదు. కాలం వసంతం కాకపోయినా నాకు మాత్రం వసంతంలాగే ఉంది అని పాడుకుంటుంది. ఎంత నిజమైన పాట! వసంతపు వెలుతురు లేదు, పూలు లేవు, అయినా ఆ మూడ్ ఉంది. ఋతువుతో సంబంధం లేకుండా ఆ మూడ్‌కి వసంతం అనే పేరు అతుక్కుపోయింది. ఆ అతికింపు కథల పనే అంటున్నాను.

పాతపుస్తకం:
కాళిదాసు అకాల వసంతం కూడా అదే కదండీ. కాలం కాకపోయినా వసంతం వచ్చి కూర్చుంది. రెండుచోట్లా ఆ మూడ్‌ని కవి ఒక మనిషి అవసరం కోసం పిలిపించాడు. దాన్ని అబద్ధం అనలేం.

నీలికప్పు:
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను. ఒక మాట చెప్పాలి. వసంతం నాకు ఏడాదిలో అన్నిటికన్నా కష్టమైన కాలం. చలికాలంలో దిగులుగా ఉంటే ఎవరూ ఏమీ అనరు, అందరూ అలాగే ఉంటారు. ఎండ వచ్చాక పార్కుల్లో గడ్డి మీద అందరూ నవ్వుతూ కూర్చుని ఉంటారు, నేను కర్టెన్ వేసుకుని లోపల ఉంటాను. అప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఇంత మంచి రోజు ఇంట్లో కూర్చున్నావేంటి, బయటికి రా అంటారు. ప్రేమతోనే అంటారు. ఆ మాట విన్నాక ఇంకా కుంగిపోతాను.

నాలాంటివాళ్లు అరుదేమీ కాదు. ఉత్తరార్ధగోళంలో చాలా దేశాల్లో ఆత్మహత్యలు ఎక్కువగా జరిగేది అందరూ అనుకున్నట్టు నడి చలికాలంలో కాదు, వసంతంలోనూ వేసవి మొదట్లోనూ. 19వ శతాబ్దం రికార్డుల్లోనే ఇది కనిపిస్తుంది. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైం 1897లో దీని మీద ఒక అధ్యాయమే రాశాడు. కారణం వేడి కాదు, పగలు పొడుగయ్యేకొద్దీ పెరిగే సామాజిక జీవితపు హడావిడి అన్నాడు. ఈ మధ్య దశాబ్దాల్లో ఆ తేడా చాలాచోట్ల తగ్గింది, పూర్తిగా పోలేదు. బైపోలార్ (మూడ్ ఒక కొస నుంచి ఇంకో కొసకి ఊగే జబ్బు) ఉన్నవాళ్లలో మేనియా, అంటే అదుపు తప్పిన హుషారు, కూడా వసంతం, వేసవుల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

అందుకే వేకువపిట్ట గారు అన్న ఆ తీసేసిన సగం గురించి నాకు పట్టింపు. పంపా ఒడ్డున రాముణ్ణి ఎవరూ నవ్వమని అడగలేదు. ఈనాటి ఏ ప్రకటనలోనూ అలాంటి మనిషికి చోటు లేదు.

గడియారం:
నీలికప్పు గారూ, ఇది ఇక్కడ రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. కొందరు డాక్టర్లు ఒక వివరణ చెప్తారు. దిగులులో ఉన్న మనిషికి ముందు ఒంట్లో సత్తువ తిరిగొస్తుంది, మనసు తేరుకోవడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. ఆ మధ్య రోజులే ప్రమాదం. నిద్ర తగ్గిపోతోందని, ఉన్నట్టుండి కాలు నిలవడం లేదని అనిపిస్తే దాన్ని వసంతం హుషారు అని వదిలేయకుండా మీ డాక్టర్‌కి వెంటనే చెప్పండి. పొడుగు పగళ్లలో పడగ్గదికి మందపాటి కర్టెన్లు, రోజూ ఒకే వేళకి నిద్ర, ఈ రెండూ నైట్ షిఫ్టుల్లో నన్ను కాపాడాయి. అయితే అవి మందులకి బదులు కావు. ఎప్పుడైనా మరీ భారంగా అనిపిస్తే ఒంటరిగా ఉండకండి, ఎంత రాత్రయినా ఎవరో ఒకరికి ఫోన్ చేయండి.

నీలికప్పు:
డాక్టర్‌కి చూపించుకుంటున్నానండీ, మందులు వాడుతున్నాను. అడిగినందుకు సంతోషం.

వేకువపిట్ట:
నీలికప్పు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. వచ్చే మార్చిలో ఎవరికైనా ఫోన్ చేసినప్పుడు బయటికి రా అనే ముందు ఎలా ఉన్నావని అడుగుతాను.

గడియారం గారూ, వెలుతురు ఒంటిని లేపుతుందన్న దాని మీద ఇక వాదించను. గుర్రాల ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు. ప్రేమ దగ్గర మాత్రం వెనక్కి తగ్గను. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో వసంతం సెప్టెంబరులో మొదలవుతుంది. ఫిబ్రవరి 14 అక్కడ వేసవి, పగలు అప్పటికే తగ్గుతూ ఉంటుంది. అయినా ప్రేమికుల రోజు గులాబీలు అక్కడా ఫిబ్రవరిలోనే అమ్ముడవుతాయి. రెటీనా కణాలు ఒకటి చెప్తుంటే మనుషులు ఇంకోటి చేస్తున్నారు. దీనికి మీరు వెలుతురుతోనే జవాబు చెప్పాలి.