‘స్థానబలిమి’: వేమన పద్యమూ అయోవా డిఫెన్సూ

అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌లో అయోవా విశ్వవిద్యాలయ జట్టు మీద వ్యాసం రాస్తున్న మిత్రులొకరు మన బృందంలో రెండు ప్రశ్నలు అడిగారు. బంతి మైదానంలో ఏ చోట ఉందన్న దాన్నిబట్టి ఒక జట్టుకు కలిగే అనుకూలతను ‘స్థానబలిమి’ అనవచ్చునా అన్నది మొదటిది. అలా అంటే వేమన పద్యం వెంటనే గుర్తుకొచ్చి, అయోవా డిఫెన్స్‌ను (ఎదుటివారి దాడిని అడ్డుకునే ఆటగాళ్ళను) చిన్నబుచ్చినట్లవుతుందేమో అన్నది రెండవది. మొదటిదానికి నా సమాధానం అవుననే. అంతకంటే అతికినట్లుండే మాట మన భాషలో నాకు కనబడలేదు. రెండవదాని విషయంలో మాత్రం పద్యాన్ని కొంచెం నిదానంగా చదవాలి.

నీళ్ళలోన మొసలి నిగిడి యేనుఁగుఁ బట్టు
బైటఁ గుక్కచేత భంగపడును
స్థానబలిమి గాని తన బలిమి గాదయా
విశ్వదాభిరామ వినురవేమ

మనలో చాలామంది మూడవ పాదాన్ని ఒక్కదాన్నే సామెతలా వాడుతాము కాబట్టి, మొసలి గొప్ప ఏమీ లేదు, అంతా నీటి మహిమేనన్న అర్థం స్థిరపడిపోయింది. కాని మొదటి పాదంలో ‘నిగిడి’ అన్న మాట ఉంది. నిగుడు అంటే సాగడం, విజృంభించడం. నీళ్ళలో ఉన్నంత మాత్రాన ఏనుగు కాలు వచ్చి నోట్లో పడదు. మొసలి విజృంభించి పట్టాలి. చోటు అవకాశాన్ని ఇస్తుంది, పట్టవలసిన పని మొసలిదే. మిత్రులు రాయబోయే అయోవా జట్టు కథ సరిగ్గా ఇదేనని నా అభిప్రాయం.

1999 నుంచి ఆ జట్టుకు ప్రధాన కోచ్‌గా ఉన్న కర్క్ ఫెరెంట్స్ ఆచితూచి ఆడించడంలో పేరుపడ్డవారు. (పత్రికల్లో ఈ పద్ధతిని ‘సంప్రదాయ శైలి’ అని రాస్తే చదువరికి ఏమీ బోధపడదు, క్రికెట్ వార్తల్లో ఎప్పటినుంచో ఉన్న ‘ఆచితూచి’ ఇక్కడ చక్కగా సరిపోతుంది.) నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు సాగలేకపోతే బంతి ఎదుటివారికి పోతుంది కనుక, సాహసం చేయకుండా నాలుగవ ప్రయత్నంలో దాన్ని దూరంగా తన్నేయడాన్ని పంట్ అంటారు. తక్కిన జట్లు పంట్‌ను ఓటమిగా భావించే చోట అయోవా దాన్ని ఆయుధంగా చూస్తుంది. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన టోరీ టేలర్ 2023లో 93 పంట్లలో 4,479 గజాల దూరం తన్ని, 1938 నుంచి నిలిచి ఉన్న జాతీయ రికార్డును దాటాడు. అటువంటి పంట్ తరువాత ఎదుటి జట్టు తన గోల్ గీతకు పది పదిహేను గజాల దూరంలో ఆట మొదలుపెట్టి, దాదాపు మైదానమంతా నడవవలసి వస్తుంది.

ఈ ఆలోచన ఎంత దూరం పోగలదో 2004 అక్టోబరులో ప్రత్యర్థి పెన్ స్టేట్ జట్టు మైదానంలో తెలిసింది. అయోవా 6-2 ఆధిక్యంలో ఉండి, చివరి క్వార్టర్‌లో తన గోల్ గీత దగ్గర ఇరుక్కుపోయింది. అక్కడినుంచి పంట్ చేస్తే ఎదుటివారు అడ్డుకునే ప్రమాదం ఉంది. అడ్డుకోకపోయినా వారికి మంచి చోటు దొరుకుతుంది. ఫెరెంట్స్ కావాలనే సేఫ్టీ ఇచ్చి, అంటే బంతితో తన గోల్ గీత వెనకే ఆట ఆగిపోనిచ్చి, ఎదుటివారికి రెండు పాయింట్లు వదులుకున్నారు. ఎందుకంటే సేఫ్టీ ఇచ్చిన జట్టుకే ఇరవై గజాల గీత నుంచి బంతిని నిరాటంకంగా దూరం తన్నే అవకాశం వస్తుంది. దీనితో ఆధిక్యం రెండుకు తగ్గి, బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని సాధించే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ ఒక్కటి పడినా పెన్ స్టేట్ ముందుకు పోయే పరిస్థితి ఏర్పడింది. అయినా ఆయన చోటునే కోరుకున్నారు, తన డిఫెన్స్‌ను నమ్ముకున్నారు. ఆట 6-4తో ముగిసింది. స్థానబలిమికి పాయింట్లలో ధర కట్టిన ఉదాహరణ ఇంతకంటే స్పష్టమైనది నేనెరుగను.

ఇక అభ్యంతరం. ఒక సభ్యులు రాసినట్లు, ఆచితూచి ఆడే జట్టు గడియారాన్ని కరగనిస్తుంది, ఎదుటివారికి బంతి దొరికే వంతులు తగ్గుతాయి, అందువల్ల ఇచ్చే పాయింట్లూ తగ్గుతాయి. దాన్నంతా డిఫెన్స్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఈ వాదనలో బలముంది. కాని 2023లో అయోవా దాడి విభాగం సాధించిన గజాల లెక్కలో దేశంలోనే అట్టడుగున నిలిచింది, ఆటకు సగటున 15.4 పాయింట్లు మాత్రమే చేసింది. అటువంటి దాడి బంతిని ఎక్కువసేపు నిలుపుకోలేదు. అలసిన డిఫెన్స్ మళ్ళీ మళ్ళీ మైదానంలోకి రావలసి వస్తుంది. అంటే ఆ శైలి ఒక చేత్తో చోటును ఇస్తూ, మరో చేత్తో విశ్రాంతిని లాక్కుంటుంది. అయినా ఆటకు 14.8 పాయింట్లు మాత్రమే ఇచ్చి, పదింట గెలిచి నాలుగింట ఓడిందంటే ఆ ఘనత చోటుది మాత్రమే అనలేము. డిఫెన్స్ కోచ్ ఫిల్ పార్కర్ తీర్చిదిద్దిన డిఫెన్స్ లోతైన పాస్‌లకు దారి ఇవ్వదు. పొట్టి పాస్‌లు వేసుకోనిచ్చి, బంతిని ఎప్పుడూ కళ్ళ ముందే ఉంచుకుని, పది పన్నెండు ఎత్తులలో ఎదుటివాడు ఒక్క పొరపాటు చేసేదాకా ఓపిక పడుతుంది. ఆ పొరపాటు జరిగినప్పుడు వదలదు. 2021లో దేశంలో అందరికంటే ఎక్కువగా ఎదుటివారి 25 పాస్‌లను మధ్యలో అందుకుంది. 2022లో సౌత్ డకోటా స్టేట్‌పై ఒక్క టచ్‌డౌన్ (బంతిని ఎదుటివారి గోల్ గీత దాటించడం) కూడా లేకుండా 7-3తో గెలిచినప్పుడు, ఆ ఏడు పాయింట్లలో నాలుగు డిఫెన్స్ సాధించిన రెండు సేఫ్టీలవే. ప్రత్యర్థిని గోల్ గీత దగ్గరకు నెట్టింది పంట్లే కావచ్చు, అక్కడ పడగొట్టింది మాత్రం డిఫెన్స్ ఆటగాళ్ళు. వేమన మాటల్లో అదే ‘నిగిడి పట్టడం’.

‘బైటఁ గుక్కచేత భంగపడును’ అన్న పాదానికి కూడా ఆ జట్టు చరిత్రలో తావుంది. 2023 డిసెంబరులో మిషిగన్‌తో జరిగిన బిగ్ టెన్ (అయోవా ఆడే లీగ్) ఫైనల్లో అయోవా 26-0తో ఓడింది. (మిషిగన్ మహా బలమైన జట్టు కాబట్టి పోలికను అక్కడిదాకా లాగకూడదు.) ఆ ఆటలో మిషిగన్ ఆటగాడొకడు ఒక పంట్‌ను అందుకుని 87 గజాలు తిరిగి పరుగెత్తి, బంతిని అయోవా గోల్ గీతకు కొద్ది గజాల దూరంలోకి తెచ్చాడు. ఆయుధమే ఎదురు తిరిగి చోటు చేజారినప్పుడు ఎంతటి డిఫెన్స్ అయినా చేయగలిగేది తక్కువ. మూడవ పాదాన్ని పూర్తిగా ఉటంకించదలిస్తే మిత్రులు ఆ పోటీ గురించి రాసే చోట ఉటంకించవచ్చు. ఆ ఏటి పది గెలుపుల గురించి రాసే చోట ‘స్థానబలిమి’ అన్న మాట వరకే ఉంచి, ‘తన బలిమి గాదయా’ అన్న భాగాన్ని విడిచిపెట్టడమే సమంజసం.